అరకప్పు టీ

ఎర్మెక్ ఇంకా రాలేదని ధృతి మళ్ళీ బాల్కనీలోకి వెళ్ళింది.

మా వీధిలో ఎర్మెక్ అనే మనిషి లేడు. విశాఖపట్నం మొత్తం వెతికినా ఉండడు. అతను కిర్గిజ్‌స్తాన్‌లో లారీ నడుపుతాడు. ధృతి అతన్ని ఎన్నడూ చూడలేదు. దానికి పందొమ్మిదేళ్ళు, అతనికి ముప్ఫై దాటాయి. అయినా అతను తన కొడుకని నా కూతురికి తెలుసు. ఆకలి వేస్తోందని మనకి ఎలా తెలుస్తుందో అలా తెలుసు.

"కొండ కనుమ మీద మంచు పడుతోందట," అంది లోపలికి వచ్చి. "తలకి ఏమీ పెట్టుకోడు వాడు. ఎన్నిసార్లు చెప్పినా అంతే."

నేను కాకరకాయలు తరుగుతున్నాను. బయట ఉక్కకి కాకులు కూడా నోరు తెరుచుకుని కూర్చున్నాయి.

"ఎవరు చెప్పారే వాడికి?"

ఆగింది. "అదే కదా. నేను చెప్పలేదు," అని నవ్వబోయింది. నవ్వు సగంలోనే పోయింది. కాళ్ళు మాత్రం మళ్ళీ బాల్కనీ వైపే నడిచాయి.

మా ఆయన పురంధర్ మెదడు మీద పరిశోధన చేస్తారు. ఊరి చివర, కొండ పక్కన వాళ్ళ ప్రయోగశాల. వాళ్ళు తయారుచేసిన పరికరానికి కాగితాల మీద పెద్ద పేరేదో ఉంది. ఇంట్లో మేం టోపీ అనేవాళ్ళం. ఈతకి పెట్టుకునే టోపీలా తలకి బిగుతుగా ఉంటుంది, లోపల చల్లటి జిగురు. ఒక భాష పుట్టుకతో వచ్చిన మనిషికి అది తొడిగి మాట్లాడిస్తారు. ఏ మాటకి మెదడులో ఎక్కడ, ఎంత వెలుగు వచ్చిందో పట్టుకుంటారు. అదే వెలుగుని ఇంకొకరి తలలో, మధ్యాహ్నం నిద్రపోతున్నప్పుడు, మెల్లగా వెలిగిస్తారు. కొన్నాళ్ళకి ఆ భాష వచ్చేస్తుంది.

ధృతికి బిష్కెక్‌లో మెడికల్ సీటు వచ్చింది. అక్కడ పాఠాలు ఇంగ్లీషులోనే చెబుతారు గానీ, ఆస్పత్రిలో మంచం మీదున్న పెద్దాయన తన నొప్పి ఎక్కడో కిర్గిజ్‌లోనే చెబుతాడు.

"సీనియర్లు ఫోన్లో తర్జుమా చేసుకుని అడుగుతున్నారట నాన్నా. ఒకడు కడుపులో ఏమైందని అడగబోయి, కడుపుతో ఉన్నావా అన్నట్టు ఏదో అన్నాడట, మీసాలాయన్ని పట్టుకుని. నాకా ఖర్మ వద్దు. నాకూ టోపీ పెట్టెయ్యి."

"సొంత తండ్రి చేత టోపీ పెట్టించుకునే అదృష్టం ఎంతమందికి దొరుకుతుంది," అన్నాను నేను.

పురంధర్‌కి ఆ మాట నచ్చలేదు, కానీ కూతురు అడగడం నచ్చింది.

మొదటి రోజుల్లో సరదాగానే ఉండేది. బట్టలు ఆరేసేటప్పుడు ధృతి నాకు పాఠం చెప్పేది. తువ్వాలు తీగ మీద వేసి, "ఇదిగో, ఇది ఇల్లు. వాళ్ళ మాటలో ఉయ్," అనేది. "మనం లో, కి, నుంచి అని వెనకాల తగిలిస్తాం చూడు, ఈ క్లిప్పుల్లాగా. వాళ్ళూ అంతే. అందుకే నాన్న కిర్గిజ్ తీసుకున్నారు. మన బుర్రలో తీగ కట్టే ఉందట, బట్టలు మారిస్తే చాలట. కానీ వాళ్ళకి ఇంకో చిన్న క్లిప్పు ఉంటుందమ్మా. ఎవరిది అని. అది ముందు పెట్టాలి, మిగతావి దాని తర్వాత. ఉయుమ్ అంటే నా ఇల్లు. ఉయుమ్‌దో, నా ఇంట్లో. ఉయుమ్‌దోన్, నా ఇంటి నుంచి."

"మనకీ ఉందిగా, నా అని."

"మనది ముందు విడిగా నిలబడుతుంది. చాలాసార్లు వదిలేస్తాం కూడా. వాళ్ళది మాటని అంటిపెట్టుకుని ఉంటుంది." తువ్వాలు అంచుని క్లిప్పుతో నొక్కింది. "బాల అంటే అక్కడా పిల్లాడే. బాలమ్ అంటే నా పిల్లాడు. బాలమా, నా పిల్లాడికి. బాలమ్‌దాన్..."

అక్కడ గొంతు కొద్దిగా మారింది. నేను తడి చీర విదిలిస్తూ దాని వైపు చూశాను. క్లిప్పు నొక్కిపట్టుకుని అలాగే నిలబడి ఉంది. ఆ రోజు అది అలసట అనుకున్నాను.

ఆ వెలుగంతా ఎవరి తలలోంచి తెచ్చారో పురంధర్ ఒకరోజు భోజనాల దగ్గర చెప్పారు. ఆవిడ పేరు జూరా. రేడియోలో వార్తలు చదివి రిటైరైన పెద్దావిడ, బిష్కెక్ దాటాక ఒక కొండ ఊళ్ళో ఉంటుంది.

"ముందు బొమ్మల కార్డులు చూపించాం. గుర్రం బొమ్మ చూపించి నా గుర్రం అనమన్నాం. నోటితో అంది గానీ తెర మీద గీత లేవలేదు. అది ఆవిడ గుర్రం కాదుగా మరి. అప్పుడు నాకో ఆలోచన వచ్చింది. పరికరం మొత్తం ఆవిడ ఇంటికే పట్టుకెళ్ళాను. ఆవిడవే చూపించి అనిపించాను. నా కెటిల్, నా ఇల్లు, ఫోటోలో మా అమ్మ, నా కొడుకు. ఏం గీతలు హైమా, కొండల్లా లేచాయి." చేత్తో చూపించబోయి పప్పు గరిట తగిలించుకున్నారు.

"ఆ గీతలో మాట ఎంత, కొడుకు ఎంత? ఎలా విడదీశారు?" అన్నాను.

"అదంతా వడపోస్తాంలే."

మా ఇల్లు, మా ఊరు, మా ఆవిడ అంటూ ఉన్నవాళ్ళందరినీ ఒక 'మా'లో కలిపేసుకునే మనుషులం మనం. నాది అన్న మాట ఒక ముసలావిడ నోట్లో అంత బరువుగా ఉంటుందని, వడపోతలో మిగలకుండా మాటతో పాటే దిగిపోతుందని, ఆయనకి తట్టలేదు.

ముందు కెటిల్ వచ్చింది. వంటింట్లో ధృతి మూత సొట్టపోయిన కెటిల్ కోసం అలమరాలన్నీ తీసి చూసింది. మనకి కెటిలే లేదు కదే అంటే, అవును కదా అని కూర్చుంది. తర్వాత ఎర్మెక్ వచ్చాడు. కథగా రాలేదు, జ్ఞాపకంగా కూడా రాలేదు. ఏం చదువుకున్నాడో, చిన్నప్పుడు ఎలా ఉండేవాడో దానికి ఏమీ తెలియదు. నా పిల్లాడు అన్నది మాత్రం తెలుసు. అతను దారిలో ఉన్నాడని తెలుసు. కనుమ దగ్గర వాతావరణం ఫోన్లో చూస్తూ అన్నం ముందు కూర్చునేది.

టీ పెట్టడం కూడా మొదలుపెట్టింది. అంతకు ముందు గ్యాస్ వెలిగించడానికి కూడా బద్ధకించే పిల్ల పొద్దున్నే లేచి అందరికీ టీ పోసేది. పోసేది అరకప్పే. నేను లేచి నా కప్పు నేనే నింపుకునేదాన్ని.

మా ఆడపడుచు శేషవేణి గారు వచ్చినప్పుడూ అలాగే పోసింది. ఆవిడ కప్పులోకి వంగి చూశారు.

"ఏమ్మా, గేదె వట్టిపోయిందా మీ పాలవాడిది?"

"ఇంకా పోస్తానత్తా. తాగండి."

"ఒకేసారి పోస్తే ఏం, కప్పు పగులుతుందా? హైమా, నీ కూతురు డాక్టరీకి వెళ్తోందా, పొదుపు నేర్చుకోడానికి వెళ్తోందా?"

అందరం నవ్వాం. ఆవిడ వెళ్ళాక గిన్నెలు సర్దుతుంటే, ధృతి నా పక్కకి వచ్చి, "అమ్మా, మీరు తిన్నారా?" అంది.

నా చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి నన్ను నువ్వు అనే పిల్ల. ఆ మీరులో కోపం లేదు, వెటకారం లేదు. పక్కింటి పెద్దావిడని పలకరించినంత మర్యాదగా ఉంది. అన్నది దానికే తెలియలేదు.

ఆ మర్నాడు, శనివారం, పురంధర్ క్యారియర్ నేనే పట్టుకుని ప్రయోగశాలకి వెళ్ళాను. ఆయన లోపల గదిలో ఉన్నారు. బయట బల్ల దగ్గర గౌరీశంకర్ కూర్చుని ఉన్నాడు. పురంధర్ దగ్గర పరిశోధన చేస్తున్నవాడు, పెళ్ళై ఏడాది కాలేదు. అందరికంటే ముందు టోపీ పెట్టుకున్నది అతనే. ఎవరిదో ఇంటి మీద బెంగ పెట్టుకుని జ్వరం తెచ్చుకుంటే, ఎక్కించినదంతా తీసేశారని పురంధర్ చెప్పారు. బాగున్నాడనే చెప్పారు.

అతని ముందు టిఫిన్ బాక్సు ఉంది. మూత కూడా తీయలేదు.

"తినలేదా గౌరీ?"

"ఎవరిదో మేడమ్ ఇది."

"మూత మీద మీ పేరుందిగా."

"పేరు నాదే. చదివాను." మర్యాదగా నవ్వాడు. "తినాలంటే ఎవరినైనా అడగాలనిపిస్తోంది. కింద బండి కూడా అంతే. తాళంచెవి జేబులోనే ఉంటుంది, తీయాలంటే చుట్టూ చూస్తాను."

"ఇంట్లో ఎలా ఉన్నారు? మీ ఆవిడ మాధవి బాగుందా?"

"చాలా మంచి మనిషి మేడమ్ ఆవిడ," అన్నాడు. "పాపం, నన్ను ఇంట్లో ఉండనిస్తోంది."

నేను లోపలికి వెళ్ళి క్యారియర్ పురంధర్ ముందు పెట్టాను. ఆయన తెర మీద ధృతి గీతలే చూస్తున్నారు.

"సోమవారం దీనిది తీసేస్తాను," అన్నారు తల తిప్పకుండా. "నువ్వేం బెంగపడకు."

"బయట కూర్చున్న ఆ అబ్బాయిలాగా చేస్తారా?"

"అతనిది ఆలస్యమైంది. అప్పటికే జూరా గారి 'నాది', ఇతని 'నాది' ఒకే చోట వేళ్ళు దిగాయి. ఒకటి లాగితే రెండోదీ వచ్చింది. ధృతిది ఇంకా అంత దిగలేదు."

"దిగలేదని ఆ గీతల్లో కనిపిస్తోందా?"

ఆయన తెర వైపు నుంచి తిరిగారు. క్యారియర్ గిన్నెలు ఒక్కొక్కటీ విప్పి వరసగా పెట్టారు. ఒక్కదానిలోనూ చెయ్యి పెట్టలేదు. ముప్ఫై ఏళ్ళ కష్టం ఆయనది. భయపడుతున్నారని నాకు తెలిసింది, ఆయన ఒప్పుకోరనీ తెలిసింది.

"తీయకపోతే?"

"తీయకపోతే అలాగే ఉంటుంది. వయసుతో పాటు ముదురుతుంది. ఎవడో లారీ డ్రైవర్ కోసం జన్మంతా గుమ్మంలో నిలబడుతుంది మన పిల్ల. నీకు సమ్మతమేనా?"

నాకు సమ్మతం కాదు, ఆ మాటే చెప్పాను. అసలు తీసెయ్యాలన్న తొందర ఆయన కంటే నాకే ఎక్కువ. నా కూతురు నాకంటే పెద్దదాని ముఖం పెట్టుకుని ఇంట్లో తిరగడం నేను చూడలేకపోతున్నాను. ఇంటికి వెళ్ళేదాకా ఆటోలో అదే ఆలోచన. తీయిస్తే ఒక రకంగా పోతుంది, ఉంచితే ఇంకో రకంగా పోతుంది.

గౌరీశంకర్ సంగతి దాచకుండా ధృతికి చెప్పాను. ఉతికిన బట్టలు మడతపెడుతూ విన్నది.

"అమ్మ అనుకుంటే నీకు ఎవరు గుర్తొస్తారే?" అన్నాను. అడగకూడదనుకుంటూనే అడిగాను.

మడతపెట్టిన చొక్కా విప్పి మళ్ళీ మడతపెట్టింది. "తెలుగులో అనుకుంటే నువ్వు. వాళ్ళ మాటలో అనుకుంటే చెవులకి వెండి కమ్మలున్న ఒక ముసలావిడ. ఆవిడ పోయి చాలా ఏళ్ళయినట్టుంది. ఏడుపొస్తుంది." చొక్కా పక్కన పెట్టి, "తీసేస్తే వాడు పోతాడు. నువ్వూ పోతావేమో. ఎవరీ మంచావిడ, నాకు అన్నం పెడుతోంది అనుకుంటానేమో నిన్ను చూసి. నాకేం తోచట్లేదమ్మా. నువ్వేమంటే అది చేస్తాను," అంది.

అలా ఆ భారం నా మీద పడింది.

భాష ఇచ్చినవాళ్ళూ తీసుకున్నవాళ్ళూ ఒకరితో ఒకరు మాట్లాడకూడదని ప్రయోగశాలలో నియమం. ఆదివారం పురంధర్ ప్రయోగశాలకి వెళ్ళాక, జూరా గారికి వీడియో కాల్ చెయ్యమని ధృతికి చెప్పాను. నంబరు ఆయన ఫోన్లోంచి నేనే తీసిపెట్టాను. నాకు కిర్గిజ్ రాదు, ఆవిడకి తెలుగు రాదు. మా మధ్య ధృతే ఉండాలి.

తెర మీద తలకి పూల గుడ్డ కట్టుకున్న ఆవిడ కనిపించారు. వెనకాల గోడకి ఎర్ర తివాచీ. ధృతి నమస్కారం చెప్పగానే ఆవిడ కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని గలగలా నవ్వారు.

"ఏమంటున్నారే?"

"నా పళ్ళు ఊడకముందు నేను ఇలాగే మాట్లాడేదాన్ని అంటున్నారు."

ధృతి అంతా చెప్పింది. చాలాసేపు చెప్పింది. నాకు అర్థమైనవి రెండు మాటలే, బాలమ్, ఎర్మెక్. ఆవిడ ముఖంలో నవ్వు మెల్లగా తగ్గిపోయింది. ఎవరినో కేకేశారు. తలుపు చప్పుడైంది. పొడుగాటి మనిషి ఒకడు లోపలికి వచ్చాడు, భుజాల మీద తడి, చెంపలు ఎర్రగా. ఉన్ని టోపీ చేతిలో పట్టుకున్నాడు.

ధృతి ఫోన్ లేని చేత్తో నోరు మూసుకుంది. తర్వాత చెయ్యి తీసి, గట్టిగా ఏదో అంది. అతను ఉలిక్కిపడి టోపీ తలకి పెట్టుకున్నాడు.

జూరా గారు మళ్ళీ నవ్వారు. ధృతి కళ్ళు తుడుచుకుంటూ నాకు చెప్పింది. "వీణ్ణి తిట్టడానికి ఇప్పటికే ఇద్దరున్నారు, మూడోదానివి నువ్వా అంటున్నారు."

"ఇద్దరేమిటి?"

అడిగింది. జవాబు వింటూ వింటూ ధృతి కనుబొమలు దగ్గరయ్యాయి. "ఇది నాకు రాలేదే," అంది తనలో తనే. తర్వాత నావైపు తిరిగి, "వీణ్ణి కన్నది ఆవిడ కాదటమ్మా. పెద్దకోడలు, సాల్తనత్ అట. వాళ్ళింట్లో మొదటి పిల్లాణ్ణి నానమ్మ ఒళ్ళో వేస్తారట. ఇక నానమ్మే అమ్మ. ఇతను ఈవిడనే అమ్మా అంటాడట," అంది.

కొండలా లేచిన ఆ గీత గుర్తొచ్చింది నాకు. అన్నిటికంటే ఎత్తుగా లేచినది, వడపోతకి లొంగనిది. ఆ కొడుకు ఆవిడ కడుపున పుట్టినవాడు కాదు. ఒకరు ఇస్తే ఒడిలోకి తీసుకున్నవాడు.

"సాల్తనత్ సంగతి అడుగు," అన్నాను. "ఆ అమ్మాయి ఎలా భరించిందో అడుగు."

జూరా గారు పక్కనున్న కెటిల్ దగ్గరికి లాక్కున్నారు. మూత సొట్టపోయి ఉంది. ధృతి దాన్ని చూసి తెర మీదికి వంగింది. ఆవిడ చెబుతూ ఉంటే ఒక్కో మాటా నాకు అందించింది.

"మొదట్లో తలుపు దగ్గరే నిలబడేదట. లోపలికి వచ్చేది కాదట. పిల్లాడు ఈవిణ్ణి అమ్మా అంటుంటే వినేదట. ఒకరోజు ఈవిడ పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని చాయ్ పోశారట. వాడి చేత ఇప్పించారట. కొంచెమే పోశారట. అప్పుడు ఏడ్చిందట. ఆ తర్వాత రోజూ వచ్చి కూర్చునేదట. పిల్లాణ్ణి వెనక్కి ఇచ్చెయ్యలేదు, ఆ అమ్మాయిని అవతలికి పంపలేదు, ఇద్దరం కూర్చున్నాం అంటున్నారు."

"కొంచెమే ఎందుకు?" అన్నాను. "ఏడుస్తున్న మనిషికి నిండుగా పోయొచ్చుగా."

ధృతి అడిగింది. జూరా గారు ఆశ్చర్యంగా చూశారు, ఆ మాత్రం తెలియదా అన్నట్టు. చెప్పారు. చిన్న జవాబే. ధృతి చెప్పడం మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయింది.

"ఏమన్నారే?"

"నిండుగా పోస్తే, తాగి ఇక వెళ్ళిరండి అని." నావైపు తిరిగింది. "కొంచెం పోస్తే, కూర్చో, నీకు మళ్ళీ మళ్ళీ పోస్తాను అని. ఇంట్లోవాళ్ళకి అలాగే పోస్తారట."

ఫోన్ పట్టుకున్న చెయ్యి ఒళ్ళోకి దిగింది. తెరలో మా ఇంటి ఫ్యాను కనిపిస్తున్నట్టుంది, అవతల వాళ్ళిద్దరూ ఏదో అంటున్నారు.

"నాకు తెలియదమ్మా," అంది. "చెయ్యి అక్కడికొచ్చేసరికి ఆగిపోతోంది. నేను అనుకుని పోయట్లేదు."

టోపీ పెట్టడం మొదలైన కొన్నాళ్ళ నుంచి రోజూ పొద్దున నా ముందు పెట్టిన ఆ అరకప్పులన్నీ నాకు గుర్తొచ్చాయి. నన్ను 'మీరు' అన్న రోజు కూడా అరకప్పే పోసింది. నేను రోజూ విసుక్కుంటూ లేచి, నా కప్పు నేనే నింపుకున్నాను.

సోమవారం పురంధర్ స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు. ప్రయోగశాలకి వెళ్ళే ముందు ఆయన ఎప్పుడూ అంత జాగ్రత్తగా తల దువ్వుకోరు.

"తొమ్మిదికల్లా బయల్దేరాలి. ధృతీ, తలస్నానం చేశావా? జిగురు పట్టాలి."

"తీయించట్లేదు," అన్నాను నేను.

"హైమా, నిన్న ఒప్పుకున్నావు."

"మొన్న ఒప్పుకున్నాను. నిన్న జూరా గారితో మాట్లాడాం."

ఆయన కుర్చీ లాగి కూర్చున్నారు. కోప్పడతారనుకున్నాను. "మీకేమైనా పిచ్చా?" అన్నారు నీరసంగా. "అతను పోడు మరి. ఆ ఎర్మెక్. జన్మంతా ఉంటాడు."

"ఉండనివ్వండి. ఉత్త పుణ్యానికి మీరే తెచ్చి ఒళ్ళో వేశారు దానికి. ఇక లాక్కోకండి."

"రేపు ఇది నిన్ను అమ్మ కాదంటే?"

ఆ భయం నాకూ ఉంది. రాత్రికి రాత్రి ఎక్కడికీ పోలేదు. బిష్కెక్ వెళ్ళాక ఆ ఇంటికి వెళ్తుంది, ఆ కెటిల్ పట్టుకుంటుంది, అక్కడ ఎర్ర తివాచీ ముందు కూర్చుంటుంది. అప్పుడు నేను ఎవరో నాకు తెలియదు.

"అప్పుడు తలుపు దగ్గర నిలబడతాను," అన్నాను. "మీరు ముందు ఆ గౌరీశంకర్ సంగతి చూడండి. మీ గీతలు వదిలేసి అతని ఇంటికి వెళ్ళండి."

ధృతి టీ తెచ్చింది. బాల్కనీ వైపు ఒకసారి చూసుకుని, ఫోన్ తీసి కనుమ దగ్గర ఎండ కాస్తోందని చూసుకుని, తిరిగి జేబులో పెట్టుకుంది. కూర్చోకుండా మా ఇద్దరికీ కప్పులు పెట్టింది.

ఆయన కప్పు అంచుదాకా పోసింది, సాసరులో ఒలికేంత. నా దానిలో సగం.

పురంధర్ ముఖం కాస్త తేరుకుంది. ఒలకకుండా రెండు చేతులా ఎత్తి, "చూశావా, ఇన్నాళ్ళకి నాన్నకి నిండుగా పోసింది," అన్నారు.

ధృతి తల వంచుకుంది. దాని భుజాలు కదులుతున్నాయి. నవ్వో ఏడుపో నేను చూడలేదు. నాది తాగేసి, లేవకుండా, ఖాళీ కప్పు దాని వైపు చాపాను.